ఇల్లాలిని అడిగి కట్టిన ఇల్లు

ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. బాగానే వుంది. ఇల్లాలిని అడిగి ఇల్లు కట్టమని మాత్రం ఒక్క పెద్దమనిషీ అన్నట్టు నేనెక్కడా వినలేదు. ప్లాను గీసేది ఒకరు, గోడ కట్టేది ఒకరు, డబ్బు పెట్టేది ఒకరు. ముగ్గురూ గృహప్రవేశం నాడు భోంచేసి తాంబూలం పుచ్చుకుని వెళ్లిపోతారు. ఆ తర్వాత ముప్ఫై నలభై ఏళ్లపాటు ఆ ఇంటి ఉక్కనీ, చీకటినీ, నెలనెలా వచ్చే కరెంటు బిల్లునీ భరించేది ఇంట్లో మిగిలిపోయిన ఆవిడ.

ఇంతకాలం నాకూ ఈ ఆలోచన రాలేదు సుమండీ. నా నవలల్లో నాయికలు చాలామంది మేడల్లోనే కాపురం చేశారు. ఒక్కదానికీ కరెంటు బిల్లు వచ్చినట్టు నేను రాయలేదు. మా అమ్మకి ఇల్లు కట్టించే పని మీదపడ్డాక గానీ కళ్లు తెరుచుకోలేదు.

మాది కె.కోటపాడు. మొన్నమొన్నటిదాకా విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక అనకాపల్లి జిల్లా అయింది. అటు చోడవరం, ఇటు అనకాపల్లి, మధ్యలో చెరుకు తోటలు, బెల్లం వండే వాసన. ఆ వూళ్లో మా తాతగారు కట్టిన పెంకుటింట్లో అమ్మ ఒక్కర్తే వుంటోంది. దూలాలకి చెద పట్టింది. వానాకాలం వస్తే ఇంట్లో ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో అమ్మకి కంఠతా వచ్చేసింది. ఇంక లాభం లేదని, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు కొత్త ఇల్లు తలపెట్టాడు.

“అప్పా, ప్లాను ఫోన్లో పంపించాను, చూడు. అన్నీ కరెంటు ఆదా చేసేవే,” అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు లెండి. చూశాను. మూడు గదులకీ మూడు ఏసీలు, అన్నీ అయిదు నక్షత్రాలవే. ముందుభాగమంతా అద్దం. పక్కకి జరిగే కిటికీలు. మేడమీద సోలారు పలకలు. వాణ్ణి తప్పు పట్టడానికేం లేదు. అమ్మ ఎండలకి తట్టుకోలేదని వాడి బెంగ. 2015 మే నెల వడగాల్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండువేల మందికి పైగా పోయారు. వాళ్లలో ముసలివాళ్లు ఎందరో. తల్లిని ఏసీలో పెట్టాలనుకున్న కొడుకుని ఎవరేమనగలరు?

అమ్మ కళ్లజోడు సవరించుకుని ఆ ప్లాను చాలాసేపు చూసింది. చూసి మూడే మూడు ప్రశ్నలడిగింది.

“వంటింటికి కిటికీ ఎటు పెడతార్రా? సాయంత్రం కూచోడానికి అరుగేదీ? పడమటి వైపు నా వేపచెట్టేదీ?”

మా తమ్ముడి దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. ఆ మూడు ప్రశ్నలకీ జవాబు వెతుక్కుంటూ పోతే, మన ఆడవాళ్ల వంటింటి చరిత్ర, మన ఇళ్ల చరిత్ర, మన వూళ్లకి కరెంటు వచ్చిన చరిత్ర అన్నీ ఒకదాని వెంట ఒకటి బయటికొచ్చాయి.

మొదట వంటిల్లు. మా పాత వంటింటికి కిటికీ లేదు. పెంకుల సందుల్లోంచి ఎంత పోతే అంత పొగ పోయేది. మిగిలింది అమ్మ కళ్లల్లోకీ ఊపిరితిత్తుల్లోకీ వెళ్లేది. కట్టెలు, పిడకలు, గానుగల దగ్గర ఎండిన చెరుకు పిప్పి, ఏది దొరికితే అది పొయ్యిలోకి పోయేది. ఊదుడుగొట్టం పుచ్చుకుని అమ్మ ఊదుతుంటే, ఆవిడ ఏడుస్తోందో పొగకి కళ్లు నీళ్లు కారుతున్నాయో చిన్నప్పుడు నాకు తెలిసేది కాదు. మొన్నామధ్య శుక్లాలు తీయించడానికి తీసుకెళితే డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, “మీరు కట్టెల పొయ్యిమీద ఎన్నాళ్లు వండారండీ?” అని. పొగకీ శుక్లాలకీ సంబంధం వుందట. ఇళ్లల్లో వంటపొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తంమీద 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. యుద్ధాల గురించి పాఠాలు చదువుకున్నాం గానీ ఈ లెక్క మనకెవరూ చెప్పలేదు.

చిత్రమేమిటంటే, మన దేశంలో ఇంటి ఇంధనం ఆదా చెయ్యాలన్న ఆలోచన ఏసీతోనో రిఫ్రిజిరేటరుతోనో మొదలవలేదు. పొయ్యితో మొదలైంది. అందులో మన తెలుగునేల పాత్ర చిన్నదేం కాదు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి. రాజు అనే ఇంజనీరు పొగలేని పొయ్యి ఒకటి తయారుచేశారు. ఆ సంస్థ ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు కలిపి దాన్ని ‘హెర్ల్ చూలా’ అన్నారు. వార్ధాలోని మగన్‌వాడీలో తయారైన ‘మగన్ చూలా’ కూడా దాదాపు ఆ కాలానిదే. కిటుకు చిన్నదే. మంటని మట్టిలో మూసేసి, ఆ వేడి ఒక గిన్నె కిందనుంచి ఇంకో గిన్నె కిందికి పాకేలా దారిచేసి, చివరికి మిగిలిన పొగని గొట్టంలోంచి ఇంటి కప్పు పైకి పంపించెయ్యడం. మూడు రాళ్ల పొయ్యిలో కట్టె ఇచ్చే వేడిలో గిన్నెకి చేరేది ఏ పదోవంతో. మిగతాదంతా గాలికి పోయేదే. ఆ పోయేదాన్ని పట్టుకుంటే కట్టెలూ మిగులుతాయి, కళ్లూ మిగులుతాయి.

1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల కోసం జాతీయ పథకం పెట్టి 2002 దాకా నడిపింది. దేశమంతటా మూడు కోట్లకు పైగా పొయ్యిలు వేశారు. వాటిలో ఎన్నో కొన్నాళ్లకే మూలపడ్డాయి. గొట్టంలో పేరుకున్న మసి ఎవరు దులపాలి? పొయ్యి కన్నం ఒక సైజు, ఇంట్లో అన్నం గిన్నె ఒక సైజు అయితే ఏం చెయ్యాలి? వండేదాన్ని కూచోబెట్టి ఈ ప్రశ్నలు అడిగి వుంటే కథ వేరేలా వుండేదేమో! చివరికి మా ప్రాంతంలో చాలామంది ఆడవాళ్లని పొగలోంచి బయటికి తెచ్చింది 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన దీపం పథకం. ఆడవాళ్ల పేరుమీదే గ్యాసు కనెక్షనిచ్చారు.

గ్యాసు వచ్చాక పొగ పోయింది గానీ వేడి పోలేదు. అందుకే అమ్మ కిటికీ అడిగింది. సిద్ధాంతిగారు వంటిల్లు ఆగ్నేయంలోనే వుండాలన్నారు. సరే, ఆగ్నేయమే. “శాస్త్రం అగ్నికి మూల చూపించింది గానీ గాలికి దారి మూయమనలేదు కదండీ,” అంటే ఆయనా నవ్వేసి ఒప్పుకున్నారు. రెండు బయటి గోడలకీ రెండు కిటికీలు, పైన వేడిగాలి పోవడానికి జాలీ పెట్టించాం. దానికి ఫ్యాను అక్కర్లేదు, నక్షత్రాలూ అక్కర్లేదు.

ఇక రెండో ప్రశ్న, అరుగు. అరుగంటే కబుర్లు చెప్పుకునే చోటని మనం అనుకుంటాం గానీ నిజానికి అది ఇంటికి గొడుగు. చూరు కిందికి దిగి, అరుగు ముందుకి చాచి వుంటే ఎండ గోడని తాకదు. తాకని ఎండని చల్లార్చక్కర్లేదు. మా పాత ఇంటి పైకప్పు కథా అంతే. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. అటక మీద నిలిచిన గాలి కిందికి వేడి దిగనివ్వదు. గూనపెంకులు మనవైతే, పలక పెంకులు మాత్రం పడమటి తీరంనుంచి వచ్చాయి. మంగుళూరులో బేసెల్ మిషన్ వాళ్లు 1865లో మొదటి పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. అందుకే వాటికి మంగుళూరు పెంకులనే పేరు స్థిరపడింది.

పాత ఇల్లే స్వర్గమని మాత్రం నేననను. ఏటేటా వానలకి ముందు పెంకు తిరగవేయించాలి. పెంకుల్లో తేళ్లు. మధ్య గదిలో పట్టపగలు కూడా బియ్యంలో రాయి కనపడేది కాదు. అందుకే శ్లాబు రాగానే వూరంతా మొగ్గుచూపింది. శ్లాబు కారదు, ఎగిరిపోదు, పైన వడియాలు పెట్టుకోవచ్చు. కాని పగలంతా ఎండని తాగి, రాత్రి మనం పడుకున్నాక తీరిగ్గా మన మీద కక్కుతుంది. ఈ జబ్బుకి మందు శ్లాబు కిందేసే ఏసీ కాదు, శ్లాబు పైనేసే తెల్లపూత. తెలుపు ఎండని తిప్పికొడుతుందన్నది ఎండలో తెల్లచీర కట్టుకున్న ప్రతి ఆడదానికీ తెలిసిన శాస్త్రమే. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి పైకప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది.

గోడల దగ్గర మాకో మంచి సంగతి తెలిసింది. ఇటుకని బట్టీలో కాల్చాలంటే బొగ్గో కట్టెలో తగలెయ్యాలి. అంటే దీపం వెలిగించకముందే ఇల్లు బోలెడంత ఇంధనం తిని కూచుంటుంది. మరోవైపు బొగ్గుతో కరెంటు తీసే చోట బూడిద కొండలా పేరుకుంటుంది. మాకు ఎంతో దూరం లేని పరవాడ దగ్గర సింహాద్రి విద్యుత్ కేంద్రమే వుందిగా! ఈ రెండు చిక్కులకీ ఒకే ముడి వేసినవాళ్లు మన విశాఖపట్నంలోనే వున్నారు. ఇన్‌స్వారెబ్ అనే సంస్థలో డాక్టర్ ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళీదాస్ కలిసి ఆ బూడిదలో సున్నం, జిప్సం కలిపి, కాల్చకుండా నీళ్లతో తడిపి గట్టిపరిచే ఇటుకని రూపొందించారు. ‘ఫాల్‌జీ’ ఇటుక అంటారు దాన్ని. అందులో ఒక స్త్రీ చెయ్యి వుందని చెబితే అమ్మ ముఖం విప్పారింది. “అయితే అవే తెప్పించండి,” అంది. ఇటుకల బేరం అంత త్వరగా తేలడం మేస్త్రీ ఎన్నడూ చూసి వుండడు.

కిటికీల దగ్గర మాత్రం యుద్ధమే జరిగింది. “అమ్మగారూ, ఇప్పుడందరూ జరిపే కిటికీలే ఎట్టుకుంతన్నారండీ, సూడ్డానికి బాగుంతాదండీ,” అంటాడు మేస్త్రీ. మీరే ఆలోచించండి. జరిపే కిటికీ ఎంత జరిపినా సగమే తెరుచుకుంటుంది. రెండో సగం మొదటిదాని వెనకాల దాక్కుంటుంది. నాలుగడుగులకి నాలుగడుగుల కిటికీకి డబ్బిచ్చి ఎనిమిది చదరపుటడుగుల గాలి కొనుక్కోవడమన్నమాట! కేంద్ర ప్రభుత్వం 2018లో ఇళ్లకోసం ‘ఎకో నివాస్ సంహిత’ అని కొన్ని ప్రమాణాలు తెచ్చింది. మా సముద్రతీరంలాంటి ఉక్కపోత ప్రాంతాల్లో తెరుచుకునే కిటికీలు, తలుపుల వైశాల్యం నేల వైశాల్యంలో కనీసం ఆరోవంతు వుండాలని అందులో వుంది. పన్నెండుకి పన్నెండు గది అనుకుంటే 144 చదరపుటడుగులకి 24. ఆ లెక్క కాగితం మీద వేసి చూపించాక తమ్ముడు మెత్తబడ్డాడు. రెక్కల కిటికీలు పెట్టించాం, ఎదురెదురు గోడలకి. ముందు అద్దం మానేసి, ఆ డబ్బుతో తూర్పున వసారా దింపి, దాని కింద అరుగు కట్టించాం.

మూడోది వేపచెట్టు. దీనికో కథ వుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకి 180 కిలోమీటర్లకు పైగా వేగంతో గాలి. ఆ ఆదివారం పడమటి వైపున్న మా పాత వేపచెట్టు కూకటివేళ్లతో లేచి వంటింటి మీద పడింది. సగం పెంకులు ఎటుపోయాయో తెలీదు. స్తంభాలు ఒరిగిపోయాయి, తీగలు చెరుకు తోటల్లో చుట్టుకుపోయాయి. ఎన్నో రాత్రులు వూరంతా గాఢాంధకారం.

మా వైపు కరెంటుకి మూలపుటమ్మ మాచ్‌ఖండ్. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో 1955లో ఆ జలవిద్యుత్ కేంద్రం మొదలయ్యాకే ఉత్తరాంధ్రలో తీగలు జోరుగా పాకాయి. మా తాతగారింటికి కరెంటు రావడానికి ఆ తర్వాతా చాన్నాళ్లు పట్టింది. వచ్చాక సావిట్లో ఒకే ఒక్క అరవై కేండిల్ బల్బు. దానికి దణ్ణం పెట్టి స్విచ్చి వేసేదట మా నాయనమ్మ. ఆ బల్బు తిన్న కరెంటులో వెలుగయ్యేది నూటికి అయిదు పాళ్లే, మిగతాదంతా వేడి అని ఆవిడకెవరు చెప్పారు? తుపాను రాత్రుల్లో మళ్లీ కిరసనాయిలు దీపం దగ్గర కూచుని అమ్మ ఆ కథలే చెప్పింది.

ఇక్కడొక చిత్రమైన సంగతి. తుపానుకి సరిగ్గా అయిదు రోజుల ముందు, అక్టోబరు 7న, నీలిరంగు ఎల్‌ఈడీ కనిపెట్టినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి నోబెల్ బహుమానం ప్రకటించారు. నీలం దొరికాకే ఎల్‌ఈడీతో తెల్లటి వెలుగు సాధ్యమైంది. మూడు నెలలు తిరక్కుండానే, 2015 జనవరి 5న కేంద్రం చౌకగా ఎల్‌ఈడీ బల్బులిచ్చే పథకం మొదలుపెట్టింది. నాయనమ్మ అరవై వాట్లతో తెచ్చుకున్న వెలుగు మాకిప్పుడు తొమ్మిది వాట్లకే వస్తోంది.

పడిపోయిన చెట్టు చోటే ఆ నవంబరులో అమ్మ ఇంకో వేప మొక్క నాటింది. పదేళ్లు తిరిగేసరికి అది పడమటి గోడంతటినీ మధ్యాహ్నం మూడింటికల్లా నీడలోకి తెచ్చేసింది. తమ్ముడి ప్లానులో సరిగ్గా అక్కడే కారు షెడ్డు.

“చెట్టు కొట్టేసి ఏసీ కొంటావేట్రా?” అంది అమ్మ. గొంతు పెంచలేదు. ఆ ఒక్క మాటే అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ రాత్రి అక్కాతమ్ముళ్లం లెక్కకి కూచున్నాం. ఏసీలు మూడు కాస్తా ఒకటైంది. అది అమ్మ గదికి. వడగాల్పుల నాడు అది ముచ్చటకి కాదు, మందుకి. 24 డిగ్రీల దగ్గర పెట్టాలి. ఒక్క డిగ్రీ తగ్గిస్తే కరెంటు ఖర్చు దాదాపు నూటికి ఆరు వంతులు పెరుగుతుందంటారు. నాలుగు గదుల్లో నాలుగు కొత్తరకం ఫ్యాన్లు. మామూలు ఫ్యాను 75 వాట్లు తింటే ఇది 30తో సరిపెట్టుకుంటుంది. రోజుకి పది గంటలు తిరిగితే నెలకి ఒక్కో ఫ్యానుకి పదమూడున్నర యూనిట్లు మిగులు, నాలుగింటికీ 54. మీ బిల్లులో యూనిట్ రేటు చూసుకుని మీరే హెచ్చవేసుకోండి.

సోలారు పలకలు వుంచాం, రెండు కిలోవాట్లకి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన సూర్యఘర్ పథకం కింద కిలోవాటుకి 30 వేల చొప్పున 60 వేలు సబ్సిడీ. రోజుకి ఎనిమిది యూనిట్ల దాకా ఇస్తుంది. అయితే ఒక్క సంగతి మా తమ్ముడికీ తెలీదు. వీధిలో కరెంటు పోతే, ఎంత ఎండ కాస్తున్నా ఆ పలకలూ ఆగిపోతాయి. తీగలు బాగుచేసే మనిషికి షాకు కొట్టకుండా అలా కట్టారు. బ్యాటరీ వుంటేనే వెలుగు. హుద్‌హుద్ చూసినవాళ్లం కనక ఒక దీపానికీ ఒక ఫ్యానుకీ సరిపడా చిన్న ఇన్వర్టరు పెట్టుకున్నాం. కారు షెడ్డు కొట్టేశాం. కారు వచ్చినప్పుడు వీధిలోనే వుంటుంది. దానికి ఉక్కపోత తెలీదు కదా!

కట్టిన ఇంటికి వంకలు వెయ్యి. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాల్లో కొందరు “ఇంత పెట్టి ముందు అద్దమైనా లేదేంటమ్మా,” అని పెదవి విరిచారు. విరిచి, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ అరుగు మీదే వరసగా నడుం వాల్చి సాయంత్రం దాకా లేవలేదు.

కథ ఇక్కడితో ఆపితే బాగుండును. కాని మొన్న వెళ్లినప్పుడు చూస్తే వసారాలో దీపం తెల్లవార్లూ వెలుగుతోంది. ఇంత చదివి, ఇన్ని లెక్కలు వేసి కట్టిన ఇంట్లో ఇదేం చోద్యం! అమ్మని నిలదీశాను.

“స్విచ్చి లోపల పెట్టారు కదే. బయట కూచుని లేచాక, అది ఆర్పేస్తే గుమ్మం దాకా చీకట్లో ఎలా రానూ? పడతానని భయం. అందుకని వుంచేస్తున్నాను.”

“మరి కట్టేటప్పుడు చెప్పలేదేం?”

“మీరు అడగలేదుగా,” అంది అమ్మ నింపాదిగా.

మర్నాడే ఎలక్ట్రీషియన్ని పిలిపించి, కొత్త సున్నం ఆరీ ఆరని గోడని పగలగొట్టించి, ఆవిడ కూచునే చోట, ఆవిడ చెయ్యి అందే ఎత్తులో ఇంకో స్విచ్చి పెట్టించాను. ఇల్లు కట్టుకునే అమ్మాయిలెవరైనా ఇది చదువుతుంటే, ఫ్యాను ఏది కొనాలో దుకాణం వాణ్ణి అడగండి. స్విచ్చి ఎక్కడ పెట్టాలో మాత్రం రాత్రి చివరికి పడుకునే ఆవిణ్ణి అడగండి.